తెర వెనక నంబరు రెండు

ఆ ఏడాది విట్ శుక్రవారం నాడు నా మొగుడు ఊరందరి ముందు మా నాన్న పరువు తీశాడు. ఆ వేసవి అక్కడే మొదలైందని మా ఇంట్లో అందరం ఒప్పుకుంటాం. మిగతా ఏ విషయంలోనూ మా మాటలు కలవవు.

ఈస్టర్ వెళ్ళిన ఎనిమిదో వారంలో వస్తుంది ఆ శుక్రవారం. ఆ సాయంత్రం ఇత్తడి బాకాల బ్యాండ్లు బస్సులెక్కి ఉత్తర ఇంగ్లండులోని మా లోయలో ఊరూరా తిరిగి పోటీలో వాయిస్తాయి. ఊరికొక జడ్జి ఉంటాడు. వాయించేవాళ్ళు ఆయనకు కనిపించకూడదు, ఆయన వాళ్ళకు కనిపించకూడదు. మా క్రాగ్‌రాయిడ్‌లో ఆ పని పదిహేనేళ్ళుగా మా నాన్న విల్‌ఫ్రెడ్ హేగ్‌ది. పబ్బు పైగదిలో కిటికీకి దుప్పటి కట్టుకుని కూర్చునేవాడు. కింద వీధిలో వాయించేది ఏ బ్యాండో ఆయనకు తెలియదు, నంబరు ఒక్కటే తెలుసు. ఆయన చెప్తుంటే నేను రాసేదాన్ని. పద్నాలుగో ఏట ఆ కుర్చీలో కూర్చున్నాను, 1973 నాటికి ఇరవై తొమ్మిదేళ్ళొచ్చినా ఇంకా అందులోనే ఉన్నాను. ఆయన అన్న మాట అన్నట్టు రాయాలి. ఒకటి కలపకూడదు, ఒకటి తియ్యకూడదు. పళ్ళు ఊడిపోయి కార్నెట్ బాకా వదిలేసిన మనిషి ఆయన. వాయించడం పోయి వినడం మాత్రమే మిగిలింది గనక ఆ వినడం దగ్గర ఎవరినీ వేలు పెట్టనిచ్చేవాడు కాదు.

ఆ రోజు ఏడో నంబరు బ్యాండు నిదానంగా సాగే చోటికి వచ్చింది. అంతలో వీధిలో అరుపులు, ఈలలు, ఆడపిల్లల కేకలు. బాకాలు ఒక్క క్షణం తడబడి మళ్ళీ సర్దుకున్నాయి. దుప్పటి ఎత్తి చూడకుండానే నాకు సంగతి అర్థమైపోయింది. ఒళ్ళు మండిపోయింది.

"ఏమిటా గోల, ఏవిస్?" అన్నాడు నాన్న.

"తెలియదు నాన్నా." చూసింది చెప్పకూడదన్నది నియమం. చూడనే లేదు కాబట్టి అబద్ధం కూడా కాదు.

"ఏడో నంబరు. మధ్యలో తడబాటు. తప్పు వీధిది, బ్యాండుది కాదు. మార్కులు తగ్గించడం లేదు. రాశావా?"

"రాశాను."

పోటీ ముగిశాక కిందికి దిగాం. పబ్బు మెట్ల మీద నా మొగుడు నిలబడి ఉన్నాడు. తెల్ల సిల్కు సూటు, బొడ్డు దాకా విప్పిన చొక్కా, భుజాల మీదికి జుట్టు, చేతిలో బీరు. పక్కన లండన్ నుంచి తెచ్చుకున్న ఫొటోగ్రాఫరు. ఆడపిల్లలు మోచేతులు చాపితే వాటి మీద పెన్నుతో సంతకాలు పెడుతున్నాడు.

నాన్న టోపీ చేత్తో పట్టుకుని ఆగాడు. "నువ్వొచ్చినప్పుడు వాళ్ళు వాయిస్తున్నారు," అన్నాడు.

"వాయిస్తున్నారా? ఎక్కడో ఆవు ఈనుతోందనుకున్నా, మిస్టర్ హేగ్."

మెట్ల మీది పిల్లలు పగలబడి నవ్వారు. వాళ్ళలో సగం మంది తండ్రులు ఆ బ్యాండ్లలోనే వాయిస్తారు. నాన్న టోపీ పెట్టుకుని ఇంటికి నడిచాడు. నేను ఆయన వెనక నడిచాను.

నా మొగుడి అసలు పేరు రేమండ్ టార్డాఫ్, ఇంట్లో రే. పత్రికల్లో రెక్స్. బొగ్గు గనిలో తండ్రి చనిపోతే ఆ దుఃఖంలో కొండల్లో ఒంటరిగా గిటారు నేర్చుకున్నాడని పత్రికల వాళ్ళకు చెప్పాడు. ఆ చనిపోయిన తండ్రి బ్రిగ్‌హౌస్‌లో చేపలు వేయించి అమ్ముకుంటూ నిక్షేపంగా ఉన్నాడు. తన చావు గురించి పత్రికలో వచ్చింది కత్తిరించి కొట్లో గోడకు అంటించుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించి నవ్వేవాడు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

నా మొగుడి రాక్ బ్యాండు పేరు ఐరన్‌గేట్. నలుగురు. డ్రమ్ములు వాయించే క్లెమ్ సగ్డెన్ అందులో పెద్దవాడు, వ్యాను కూడా అతనిదే. క్లెమ్ ఎటంటే అటు తలాడించే బేస్ గిటారు కుర్రాడొకడు. గిటార్లు రెండు. ఒకటి రే వాయించేవాడు, రెండోది మా తమ్ముడు నెవిల్. స్టేజి మీద రే వెల్లకిలా పడుకుని వాయించేవాడు, పళ్ళతో వాయించేవాడు, ఆఖర్న గిటారుకు నిప్పు పెట్టేవాడు. ఆ పొగలో ఓ పక్కన నిలబడి పాట చెడిపోకుండా చూసేది నెవిల్. కనీసం మేమంతా అలా అనుకునేవాళ్ళం.

అమ్మ ఫిబ్రవరిలో పోయింది. అప్పటి నుంచి నేను నాన్న దగ్గరే ఉండిపోయాను. రే లండన్‌లో ఉండేవాడు, మాసిన బట్టలు పోగయినప్పుడు వచ్చేవాడు. అమ్మను పూడ్చిన రోజు రాలేదు. గుర్రం మీద కూర్చుని ఏదో పత్రికకు ఫొటోలు తీయించుకుంటున్నాడు. ఆ పత్రిక తెచ్చి నాకే చూపించాడు, గుర్రం బాగుంది కదా అని.

జూలై మొదట్లోనే రికార్డు కంపెనీ వాళ్ళ ఉత్తరం వచ్చింది. శరదృతువులో అమెరికా ప్రయాణం. కాకపోతే ఒక షరతు. రే లెస్టర్‌లో ఒక ప్రదర్శన ఎగ్గొట్టాడు, ఇంకో ఊళ్ళో స్టేజి మీదే నెవిల్‌ని తోసేశాడు. ఇద్దరు గిటారు వాళ్ళు కొట్టుకుంటూ వస్తే మాకొద్దు, ఒక్కడే రావాలి, ఎవరో ఆగస్టు ఆఖరికల్లా మీరే తేల్చి చెప్పండి అని రాశారు. క్లెమ్ ఆ ఉత్తరం తెచ్చి మా వంటింటి బల్ల మీద పెట్టి, నేను తేల్చను అన్నాడు.

"నీ చేతిలో పనేగా," అన్నాడు నెవిల్. "నువ్వు ఊఁ అంటే అయిపోతుంది."

"రెక్స్ లేకపోతే జనం రారు. నువ్వు లేకపోతే పాట నిలబడదు. నన్నేం చెయ్యమంటావు?"

"జనం వాణ్ణి చూడ్డానికొస్తారు క్లెమ్. వినడానికి కాదు. కళ్ళు మూసుకుని విను, వాడి దగ్గర ఏమీ ఉండదు. జుట్టూ ప్యాంటూ తప్ప ఇంకేం లేదు."

"కళ్ళు మూసుకుని వినేవాడెవడున్నాడు మన దగ్గర?"

నెవిల్ తలెత్తాడు. వాడి ముఖం వెలిగిపోవడం ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. "నాన్న ఉన్నాడుగా."

పక్కగదిలో సోఫా మీద బూట్లతో పడుకున్న రే ఇదంతా వింటున్నాడు. అక్కడి నుంచే నవ్వాడు. "మీ నాన్నకు నా నీడ పడితేనే ఒంటి మీద తేళ్ళు పాకుతాయి."

"నువ్వు కనపడవు. తెర ఉంటుంది. చీటీ తీస్తాం, నంబరుంటుంది. భయమా?"

"నాకా?" రే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "సరే. కానీ నీ గిటారు మీదే వాయిస్తాను. తర్వాత గిటారు మంచిదనీ, యాంప్లిఫయర్ మంచిదనీ ఏడవకూడదు."

ఆ మాటతో ఖాయమైంది. నేను అడ్డు చెప్పలేదు. చెప్పకపోగా లోపల సంబరపడ్డాను. ఆరేళ్ళుగా ఆ మనిషితో నేను పడ్డదంతా ఒక్క కారణానికి పడ్డాను. ఏం చేసినా సరే, వాడి వేళ్ళలో ఏదో ఉంది అనుకునేదాన్ని. ఏమీ లేదని నాన్న నోటితో తేలిపోతే ఇక వాడి బట్టలు ఉతికే పని లేదు. తమ్ముడికి అమెరికా, నాకు విడుదల. నాన్న తీర్పు మీద నేను అప్పటికే ఊహల్లో రెండు ఇళ్ళు కట్టేశాను.

నాన్న మొదట వినిపించుకోలేదు. "గిటార్లా?" అన్నాడు ఆవాలు నూరిన ముద్ద మాంసానికి రాసుకుంటూ.

"సంగీతమే కదా నాన్నా," అన్నాడు నెవిల్. "మీరే అంటారుగా, తెర వెనక అందరూ ఒకటే అని."

నాన్న చాలాసేపు నమిలాడు. "పోటీ పాట నేను చెప్తాను. ఇద్దరికీ అదే. అమ్మకు పాడిన కీర్తన. ముందు రాగం ఉన్నది ఉన్నట్టు, తర్వాత మీ ఇష్టం. నాలుగు నిమిషాలు దాటకూడదు. నువ్వు అనుకున్నట్టు రాదేమో, అప్పుడు ఏడవకు."

"ఏడవను."

"ఓడినవాడు వెళ్ళి చెయ్యి కలపాలి. అది ఉంటేనే నేను కూర్చుంటాను."

నెవిల్ ఒట్టు పెట్టినంత పని చేశాడు.

మా లోయలో ఎవరు చచ్చిపోయినా పాడే కీర్తన అది. నెవిల్ బట్టలుతికే గదిలో తలుపేసుకుని రోజూ సాయంత్రం నాలుగ్గంటలు సాధన చేసేవాడు. వేలి చివర్లు పగిలితే ప్లాస్టరు వేసుకునేవాడు. రెండేళ్ళ క్రితం బ్యాండు కోసమే అద్దకపు మిల్లులో పని మానేశాడు, మళ్ళీ ఆ గుమ్మం తొక్కనని ఫోర్‌మన్ ముఖం మీదే చెప్పి వచ్చాడు. ఒక్కో వారం గడిచేకొద్దీ వాడి వాయింపులో ఒక్కో తప్పు తగ్గడం నాకు గోడ ఇవతలికి వినిపించేది. ఆ వారాలన్నీ మా ఇంట్లోనే మకాం వేసిన రే మాత్రం పన్నెండింటికి లేచి, పబ్బుకు పోయి, ఏడింటికి తిని, మళ్ళీ పబ్బుకు పోయేవాడు. గిటారు ముట్టుకోగా నేను చూడలేదు.

ఒక మధ్యాహ్నం నేను బంగాళాదుంపల తొక్క తీస్తుంటే సోఫా మీంచి అడిగాడు, "ఆ కీర్తన ఎలా ఉంటుంది?"

"తెలియదా నీకు?"

"మేం చర్చికి వెళ్ళే రకం కాదు. ఒకసారి కూనిరాగం తియ్యి."

"అమ్మ అంత్యక్రియలకు వచ్చుంటే తెలిసేది."

"ఇప్పుడు తియ్యమంటున్నాగా."

తీశాను. మొదటి వరుస, రెండో వరుస. మూడో వరుస పైకి ఎక్కే చోట ఆగిపోయాను. అమ్మ శవపేటిక దించుతుంటే పాడినప్పుడూ అక్కడే ఆగాను, ఇప్పుడూ అక్కడే. కత్తి పట్టుకుని కాసేపు నిలబడి, ఊపిరి తీసుకుని, మిగతాది కిందిస్థాయిలో ముగించాను. రే కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాను. "ఊఁ, సరే," అని అటు తిరిగి పడుకున్నాడు. ఇంకోసారి తియ్యమని అడగలేదు.

మిల్లులకు సెలవులిచ్చే వారం, ఆగస్టు రెండో సోమవారం, చాపెల్ అనే మా చిన్న చర్చి వెనక ఆదివారపు బడి గదిలో కలిశాం. ఊరు ఊరంతా బ్లాక్‌పూల్ సముద్రానికి వెళ్ళిపోయింది. మిల్లులు ఆగిపోవడంతో గడియారం చప్పుడు కూడా వినిపిస్తోంది. పిల్లల నాటకాలకు వాడే ఎర్ర తెర గదికి అడ్డంగా కట్టాం. తెరకు ఇవతల నాన్న, చిన్న బల్ల, బల్ల పక్కన నేను, నా చేతిలో కాగితాలు. అవతల వాళ్ళు నలుగురు. చీటీలు క్లెమ్ టోపీలో వేశారు. ఎవరికి ఏ నంబరు వచ్చిందో మాకు చెప్పలేదు. క్లెమ్ ఇద్దరికీ ఒకే వేగంతో, కర్రలు కాకుండా తీగ కుంచెలతో డ్రమ్ము మీద రాస్తూ తాళం వెయ్యాలని ఒప్పందం.

నాన్న ఈల ఊదాడు. ఇక మొదలుపెట్టమని దానర్థం.

నంబరు ఒకటి మొదలైంది. మొదటి నాలుగు స్వరాలకే అది మా తమ్ముడని తెలిసిపోయింది. మెట్ల మీద అడుగుల చప్పుడు విని ఇంట్లో ఎవరొస్తున్నారో చెప్పగలం కదా, అలాగే. రాగం గీత గీసినట్టు వచ్చింది. ఆ తర్వాత దాన్ని మూడు రకాలుగా అల్లాడు. మూడోది ఎంత వేగంగా వెళ్ళిందంటే క్లెమ్ కుంచెలు ఒప్పుకున్న వేగం నిలబెట్టుకోవడానికి ఆయాసపడ్డాయి. ఒక్క స్వరం జారలేదు. ఆరు వారాల సాధన. నేను వేళ్ళు గట్టిగా మడుచుకుని కూర్చున్నాను, ముగిశాక విప్పాను. గెలిచాడు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

నాన్న తలొంచుకుని ఉన్నాడు.  ఇద్దరివీ విన్నాకే మార్కులు చెప్తానని ముందే అన్నాడు. మళ్ళీ ఈల.

నంబరు రెండు చాలాసేపు మొదలవ్వలేదు. తప్పతాగి మర్చిపోయాడనుకున్నాను. ఆ తర్వాత ఒక స్వరం వచ్చింది. అదే గిటారు, అదే యాంప్లిఫయర్, అయినా ఆ గిటారులోంచి అలాంటి శబ్దం నేనెప్పుడూ వినలేదు. రాగాన్ని ముసలాయన మెట్లెక్కినట్టు ఎక్కించాడు. రెండో వరుసలో సగం స్వరాలు వదిలేశాడు, అయినా అవి వినిపిస్తూనే ఉన్నాయి. మూడో వరుస పైకి ఎక్కే చోటికి వచ్చి ఆగిపోయాడు.

నేను ఆగిన చోటే ఆగాడు. నేను ఎంతసేపు ఆగానో అంతసేపే ఆగాడు. క్లెమ్ కూడా కుంచెలు ఆపేశాడు. తర్వాత ఊపిరి తీసుకున్నట్టు ఒక చిన్న స్వరం, మిగతాదంతా కిందిస్థాయిలో. కత్తి పట్టుకుని వంటింట్లో నిలబడింది నేనే, అమ్మను మట్టిలోకి దించుతుంటే చూసింది నేనే. కానీ నాకు తెలియని దుఃఖం కూడా అందులో ఉంది. గుర్రం మీద కూర్చుని ఫొటో దిగిన మనిషికి అదంతా ఎక్కడ దొరికింది? వాడి మీద ఆరేళ్ళుగా పెంచుకున్న కోపం ఆ నాలుగు నిమిషాలూ ఎటు పోయిందో నాకు తెలియదు. కాగితం మీద చుక్క పడితే చేత్తో తుడిచాను. నన్ను నేను అసహ్యించుకున్నాను.

ముగిసింది. నాన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. లోగొంతుకతో చెప్పడం మొదలుపెట్టాడు.

"నంబరు రెండు. రెండు వందలకు నూట తొంభై రెండు. వేలు రెండు చోట్ల జారింది. ఈ రాగం నాకు తెలుసనుకున్నాను, ఇవాళ మొదటిసారి విన్నాను. రాశావా?"

"రాశాను."

"నంబరు ఒకటి. నూట ఎనభై ఒకటి. ఒక్క తప్పు లేదు." ఆగాడు. "మళ్ళీ వినాలనిపించలేదు."

నా పెన్ను 'లేదు' దగ్గర ఆగింది. మొదటి 'లేదు' దగ్గర. నాన్న నావైపు చూడటం లేదు, తెర వైపు చూస్తున్నాడు. ఆ ఒక్క వాక్యం వదిలేస్తే ఎవరికి తెలుస్తుంది? మార్కులు మారవు, ఫలితం మారదు. పదిహేనేళ్ళలో ఎప్పుడూ రాని ఆలోచన వచ్చింది, ఒక్క క్షణం ఉంది.

"రాశావా?"

"రాశాను," అన్నాను, రాసి.

జడ్జి లేచి వచ్చి ఓడినవాళ్ళతో మొదలుపెట్టి అన్నీ బయటికి చదవాలి. అది పద్ధతి. నాన్న తెర తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, నా చేతిరాత చదివాడు. నెవిల్ మెడలో గిటారు లేదు, అది రే మెడలో ఉంది. మొదటి వాక్యానికి నెవిల్ పెదవి కొస నవ్వడానికి కదిలింది. రెండో వాక్యం విన్నాక ఆ పెదవి అలాగే ఉండిపోయింది, మిగతా ముఖం మారింది. వాణ్ణి చూడలేక నేను గడియారం చూశాను.

కానీ మాట మాటే. నెవిల్ నడిచి వెళ్ళి చెయ్యి చాపాడు. రే ఆ చెయ్యి చూడనట్టు ఖాళీ బెంచీల వైపు తిరిగి, నడుం దాకా వంగి దణ్ణం పెట్టాడు. ఒకటి కాదు, మూడుసార్లు, మూడు వైపులకీ. తర్వాత గిటారు తీసి నెవిల్ చాపిన చేతిలో పెట్టాడు.

"తీగలు మార్చు నెవిల్. పాపం, ఇది నీకంటే బాగా పాడుతుంది."

క్లెమ్ నేల చూశాడు. నాన్న కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ గదిలో మా అందరి కంటే బాగా విన్నది రే అని నాకు అర్థమైంది, ఆ చెంప పగలగొట్టాలనిపించింది. రెండూ ఒకేసారి.

ఆ గురువారం రే బట్టలు సర్దుకుంటుంటే అడిగాను. ఇస్త్రీ చేసింది నేనే, అది కూడా చెప్పాలి.

"మూడో వరుస దగ్గర ఆగావే, ఎందుకు?"

"నువ్వు ఆగావుగా."

"అమ్మ గుర్తొచ్చి ఆగాను."

"అవునా?" పెట్టె మీద మోకాలు ఆనించి మూత నొక్కాడు. "ఎందుకైతేనేం, బాగుంది."

మళ్ళీ ఎప్పుడొస్తావని నేను అడగలేదు, నువ్వూ రా అని వాడు అనలేదు. అమెరికా నుంచి విడాకుల వకీలు ఉత్తరం తప్ప ఇంకేమీ రాలేదు. మూడో వరుస దగ్గర ఆగడం మాత్రం తర్వాత ఏడాది రికార్డులోకి ఎక్కింది. గనిలో పోయిన తన తండ్రి అంత్యక్రియల్లో విన్న రాగమని పత్రికలకు చెప్పాడు. బ్రిగ్‌హౌస్‌లో ఆ ముసలాయన అది కూడా కత్తిరించి గోడకు అంటించాడట.

సెప్టెంబరు మొదట్లోనే నెవిల్ అద్దకపు మిల్లులో మళ్ళీ చేరాడు. ఫోర్‌మన్ ఏమన్నాడో వాడు చెప్పలేదు. సాయంత్రం చేతులు మోచేతుల దాకా నీలంగా వేసుకుని వచ్చి, తిని, పైకి వెళ్ళిపోయేవాడు. బట్టలుతికే గదిలో మళ్ళీ బట్టలే ఉతికాం. నాన్నతో ఒక్క మాట లేదు. ఉప్పు కావాలంటే నన్ను అడిగేవాడు, అది నాన్న చేతి పక్కనే ఉన్నా.

ఒక ఆదివారం నాన్న పెరట్లో దుంపలు తవ్వుతుంటే నేను బుట్ట పట్టుకున్నాను. తల ఎత్తకుండానే అన్నాడు, "అది నెవిల్ అని నాకు తెలుసు."

నేను బుట్ట కింద పెట్టేశాను.

"మొదటి వరుసలోనే తెలిసింది. వాడికి మొదటి బాకా పట్టించింది నేనే. నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? తెర ఒకటి కట్టి మనం పరాయివాళ్ళం అయిపోయామనుకున్నాం, వెధవల్లాగా."

"తెలిస్తే ఆ రెండో మాట ఎందుకన్నారు?"

"తెలిసింది కాబట్టే అన్నాను." మట్టి దులిపి దుంప బుట్టలో వేశాడు. "ఊరివాడైతే చక్కటి సాధన అని చెప్పి పంపించేసేవాణ్ణి. ఎన్ని వందల మందికి చెప్పలేదు? కన్నకొడుకు కదా. నిజం నేను కాకపోతే ఎవరు చెప్తారు, చెప్తే మారతాడు అనుకున్నా."

"మీరే చెప్పండి ఆ మాట వాడికి."

"విన్నాక వాడు నన్ను ఏమడుగుతాడో నాకు తెలుసు," అన్నాడు నాన్న. మళ్ళీ తవ్వడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది విట్ శుక్రవారం నాడు పబ్బు పైగదిలో ఇంకెవరో కూర్చున్నారు.

నాన్న చెప్పలేనిది నేను చెప్దామనుకున్నాను. అక్టోబరులో నెవిల్ హడర్స్‌ఫీల్డ్‌లో గది అద్దెకు తీసుకున్నాడు. చొక్కాల కోసం శనివారం మధ్యాహ్నం వచ్చాడు, నాన్న ఇంట్లో ఉండని వేళ చూసుకుని. నేను చొక్కాలు మడత పెడుతూ అంతా చెప్పాను. నాన్నకు తెలుసని, మంచికే అన్నాడని, నిన్ను బాగుచేద్దామనుకున్నాడని. వాడు వంటింటి గుమ్మానికి ఆనుకుని శ్రద్ధగా విన్నాడు.

"ఆయన సంగతి వదిలెయ్," అన్నాడు. "ఆయన జడ్జి. నువ్వు పక్కనే కూర్చున్నావుగా. నీకనిపించిందా, మళ్ళీ వినాలని?"

"అనిపించింది," అన్నాను వెంటనే. నేను వాడితో ఆడిన మొదటి అబద్ధం అదే. వాణ్ణి పెంచింది సగం నేనే. వాడి ముఖం చూస్తూ ఇంకేం అనగలను?

వాడి కళ్ళలో ఏదో కదిలింది. గుమ్మం వదిలి ఒక అడుగు లోపలికి వేశాడు. "ఏ చోట?"

"ఏమిటి?"

"ఏ చోట మళ్ళీ వినాలనిపించింది? ఒక్కటి చెప్పు ఏవిస్. ఒక్క చోటు చాలు."

నేను వెతికాను. ఆరు వారాలు గోడ ఇవతల నుంచి విన్నాను, నాలుగు నిమిషాలు తెర ఇవతల నుంచి విన్నాను. రే వాయించింది ఇప్పటికీ మొదటి స్వరం నుంచి ఆఖరి స్వరం దాకా చెప్పగలను, వేలు జారిన రెండు చోట్లతో సహా. నా తమ్ముడిది వెతుకుతుంటే చేతికి ఏదీ తగలడం లేదు. అంతా సరిగ్గా ఉంది, అంతా ఒక్కలాగే ఉంది. చేతిలో చొక్కా అలాగే పట్టుకుని నిలబడ్డాను.

నెవిల్ నన్ను తొందరపెట్టలేదు.  తర్వాత ఆ చొక్కా నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, మిగతా వాటి మీద పెట్టుకుని వెళ్ళిపోయాడు.